పండ్రెండేండ్లు దాటిన బిడ్డలు – మాంటిస్సోరి విద్య

మాంటిస్సోరి యను పేరు వినగానే మనకు చిన్న చాపలు, కొయ్యదిమ్మెలు, గరుకుకాగితపు టక్షరములు, వానిచుట్టును మూడు నాలుగేండ్ల పసిపాపలు మనసునకు వత్తురు. మా లాలాపేటనుండి నాచారము, ఉప్పల్ వైపు పోవువారికి ఈ పేరుగల పసిబిడ్డల బడులు కనబడుచునే యుండును. పేరు బోర్డుమీద నున్నంతనే పద్ధతి లోపల నున్నదని తలపరాదు. ఆ మాట యటుండనిండు. మేమిపుడు విన్నవింపదలచినది పసిపాపలనుగూర్చి కాదు; ఆఱవ తరగతినుండి తొమ్మిదవ తరగతివఱకు చదువు బాలబాలికలనుగూర్చి.

పసితనమున తన చేతులతో తానే నేర్చిన బిడ్డను పదునొకండవయేట బెంచీమీద గూర్చుండబెట్టి, ప్రొద్దుననుండి రాత్రివఱకు ప్రశ్నలకు జవాబులు వల్లె వేయించుట నేడు పరిపాటి యైనది. ఇంజనీరింగు ప్రవేశపరీక్షకు పునాది యనుచు ఆఱవ తరగతినుండియే ప్రత్యేకపాఠములు చెప్పు బడులును మన నగరమున గలవు. ఆ వయసు అందుకొఱకే యేర్పడినదా యని తల్లు లొకపరి యాలోచింపవలెను.

మేరియా మాంటిస్సోరి 1870లో ఇటలీదేశమున జన్మించి, వైద్యవిద్య నభ్యసించి, 1907లో రోమునగరమున బీదల పేటలో తన మొదటి శిశుగృహమును తెఱచెను. 1939లో దివ్యజ్ఞానసమాజమువారి యాహ్వానమున మదరాసులోని అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చెను. అంతలో ఇటలీ యుద్ధమున దిగుటచే తిరిగిపోవ వీలులేక 1946 వఱకు మన దేశముననే యుండెను. 1952లో హాలండున గతించెను. తెలుగునాట విజయవాడలో ఈ పేర విద్యాసంస్థలను నెలకొల్పి పెంచిన కోటేశ్వరమ్మగారికి 2017లో పద్మశ్రీ పురస్కారము లభించిన సంగతి మన స్త్రీలు గర్వింపదగినది.

ఈ విదుషీమణి ఇరువదినాలుగేండ్ల వయసువఱకు గల పెరుగుదలను ఆఱేసి యేండ్ల చొప్పున నాలుగు దశలుగా విభజించినది. పండ్రెండవయేట మొదలగు మూడవ దశలో దేహము త్వరగా మాఱును. మనస్సు శంకలతో నిండును. చిన్నమాటకు కన్నీరు వచ్చును. పసిబిడ్డ యెంత సుకుమారమో ఈ వయసు బిడ్డయు నంత సుకుమారమనియు, ఈ కాలమున పుస్తకభారము హెచ్చించుట తగదనియు నామె మతము. 1948లో ప్రకటింపబడిన గ్రంథమున నామె యొక యేర్పాటు సూచించినది. ఈ బిడ్డలకు ‘భూమిబిడ్డలు’ అను నర్థముగల జర్మనుపేరు పెట్టి, వారు పల్లెపట్టున కలసి నివసించి, పొలము సాగుచేసి, పండినది తామే యంగడిలో నమ్మి, అతిథిగృహమును నడపి, పద్దులు వ్రాయవలె నన్నది. వారిని రైతులనో వర్తకులనో చేయుట కాదు. లోకము పరస్పరసేవచే నడచుచున్నదని యెఱిగి, ‘నేనును ఒకరికి పనికివత్తును’ అను ధైర్యము పొందుటకు. గణితము, భాషలు, శాస్త్రములు, చరిత్ర మానవలసిన పని లేదు. అవి పనితో ముడిపడి సాగును.

ఇది మనకు క్రొత్తయా? ఛాందోగ్యోపనిషత్తులో సత్యకామ జాబాలుని కథ మీలో బలువురు వినియుందురు. గురువు గౌతముడు వానికి ఉపనయనము చేసి, పాఠము మొదలుపెట్టక, బక్కచిక్కిన నాలుగువందల గోవుల నప్పగించెను. వేయి యగువఱకు తిరిగిరానని బాలుడు బయలుదేరెను. వృషభము, అగ్ని, హంస, నీటిపక్షి వానికి బ్రహ్మవిద్యను చెప్పినవి. మందను కాచినవానికే యా విద్య పలికినది! 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు చేతిపని మూలమున చదువు చెప్పవలె నన్నదియు ఈ త్రోవయే. 2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము ఆఱవ తరగతినుండి ఎనిమిదవ తరగతిలోపల పది దినములు పుస్తకాలసంచి లేక వడ్రంగి, తోటమాలి, కుమ్మరివంటివారివద్ద పని నేర్వవలె నని చెప్పినది.

‘మా కూతురు ఇల్లూడ్చుచునే యున్నది, అంట్లు తోముచునే యున్నది, ఇక నీ విద్య యేల?’ అని కొంద రందురు. సోదరీమణులారా, ఇందే కిటుకున్నది. ఆజ్ఞాపించి చేయించు చాకిరి వేఱు. నమ్మి యప్పగించిన బాధ్యత వేఱు. మొదటిదానిలో బిడ్డకు చేతులే పనిచేయును. రెండవదానిలో బుద్ధి, మాట, ధైర్యము పనిచేయును. పైగా చాకిరి ఆడుబిడ్డకే, అంగడి సొమ్ము మగబిడ్డకే యను పంపకము మన యిండ్లలో నింకను బోలేదు.

లాలాపేటలో మనకు పొలములు లేవు. కాని మా యింట పదుమూడేండ్ల కుమార్తెకును, పండ్రెండేండ్ల కుమారునకును నెలకూరల సొమ్ము అప్పగించితిమి. కొనుట, బేరము, చిట్టా వ్రాయుట ఇద్దరివంతు. వారమునకు రెండుమార్లు వంటయు నిద్దరివంతు. టమాటాధర రెట్టింపైన వారము వారే కూడబలుకుకొని చింతపండుతో గడపిరి. ఇంటికి చుట్టములు వచ్చిన తలుపుచాటున నిలుచుండు బాలిక, నేడు త్రాసు సరిగ నిలువనిచో కూరలవానిని మర్యాదగనే యడుగుచున్నది. విజయ డెయిరీ మా పేటదే గనుక, పాలలో వెన్నశాతమునుబట్టి రైతునకు ధర కట్టుదురని తెలిసికొని, శాతముల లెక్క తానే తమ్మునికి చెప్పినది. మిద్దెమీద తొట్లలో పెంచిన గోంగూర ఇరుగుపొరుగున నమ్మి, విత్తనములఖర్చు పోగా మిగిలినది చిట్టాకెక్కించిరి. మావారు బడిపంతులు, వడ్డీలెక్క తప్పక చేయు బాలురు అంగడిలో చిల్లరకు తడబడుట చూచితిమని యెన్నియోమార్లు చెప్పిరి. ఆ లోపమునకు మందు ఇదే యని వారి యభిప్రాయము.

పదవ తరగతి పరీక్ష తప్పనిది. దానిని విడువుమని మేము చెప్పుట లేదు. తొమ్మిది పది తరగతులలో శ్రద్ధగా చదువుటకు ఓపిక వలయును. ఆ యోపికను ఆఱు, ఏడు, ఎనిమిది తరగతులలో అరగదీయరాదనియే మా మనవి. బిడ్డను బడిలో చేర్చునపుడు గోడపై ర్యాంకుల పటములు చూచుటతో తృప్తిపడక, ఈ వయసువారికి తోట గలదా, చేతిపని గలదా, తమలో తాము కూడి నిర్ణయించుకొను పని యొక్కటియైన గలదా యని యడుగుడు. లేకున్న ఇంటనే యొక పని కొడుకునకును కూతునకును సమముగ నప్పగింపుడు. పదునాఱవయేట పుత్రుని మిత్రునివలె చూడు మని పెద్దలనిరి. ఆ మైత్రి కూతునకును జెల్లును. పండ్రెండవయేట నమ్మక ముంచినగాని పదునాఱవయేట స్నేహము కుదురదు.