పసరు మందు దగ్గరే ఆగిపోతే ఎలా?

కళ్లు పచ్చబడితే కామెర్లు, కామెర్లొస్తే పసరు మందు, పథ్యం. మన పల్లెల్లో, ఏజెన్సీ గూడేల్లో లివర్ జబ్బంటే చాలామందికి ఇప్పటికీ ఇంతే. కానీ లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి కళ్లు పచ్చబడనే పడవు. ఏళ్ల తరబడి ఏ బాధా తెలియదు. కడుపులో నీరు చేరాక పట్నం తీసుకెళ్తారు. అప్పటికే లివర్ గట్టిపడిపోయి ఉంటుంది.

ఈ వైరస్‌కు టీకా ఉండి కూడా ఇలా జరుగుతోందే అన్నదే నా బాధ. అదీ మన హైదరాబాద్‌లోనే, వరప్రసాద్ రెడ్డి గారు తల్లి పేరున పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో సామాన్యుడికి అందే ధరకు తెచ్చింది. ఇప్పుడు సర్కారు ఆసుపత్రుల్లో పిల్లలకు ఉచితం. అయితే మొదటి డోసు పుట్టిన 24 గంటల్లోపే పడాలి. కాన్పు ఇంట్లో అయితే తప్పిపోయేది ఆ సూదే. పుట్టుకతో తల్లి నుంచి వైరస్ సోకిన పిల్లల్లో పదికి తొమ్మిది మందికి అది జీవితాంతం ఉండిపోతుంది.

ఇది సోకే దారులు ఇంకా ఉన్నాయి: జాతరలో ఒకే సూదితో అందరికీ వేసే పచ్చబొట్లు, మార్చని బ్లేడు, వాడేసిన సిరంజి... 2009లో గుజరాత్‌లోని మొడాసాలో అలాంటి సిరంజిలే ఎంతోమంది ప్రాణాలు తీశాయి. కలిసి తింటే మాత్రం రాదు. దయచేసి ఎవరికీ కంచం వేరు పెట్టకండి.

2018లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమం కింద పరీక్షా, మందులూ ఉచితం. ఎక్కడ చేస్తారో మీ ఊరి ఆశా అక్కను అడగండి. ఇంట్లో గర్భిణి ఉంటే, రక్తపరీక్షల్లో హెపటైటిస్ బి కూడా చేశారా అని ఈసారి తప్పకుండా కనుక్కోండి.