గర్భసంచి ఆపరేషన్ తరువాత: వేల్పూర్ పసుపు సీమలో ఒక పరిశీలన

నిజామాబాద్ జిల్లాలో ఆర్మూర్‌కు చేరువగా ఉన్న వేల్పూర్ మండలం పసుపు, ఎర్రజొన్న పంటలకు పేరుపొందిన ప్రాంతం. పసుపు తవ్వకాలు సాగే రోజుల్లో ఇక్కడికి వచ్చే సందర్శకునికి మొదట కనబడేది స్త్రీల శ్రమ. తవ్విన దుంపల మన్ను దులిపి కొమ్ములను వేరుచేయటం, ఉడికిన పసుపును కళ్లంలో ఆరబోయటం, గంపలు నెత్తికెత్తుకోవటం చాలావరకు వారి పనులే. పొలం పని తగ్గిన నెలల్లో ఎన్నో ఇళ్లలో బీడీల చాట ఒడిలోకి వస్తుంది. కూలి తప్పితే ఇల్లు గడవని ఇటువంటి చోట, శస్త్రచికిత్స తరువాత స్త్రీకి ఎంత విశ్రాంతి దొరుకుతుందన్నది వైద్యానికి సంబంధించిన ప్రశ్నే అవుతుంది.

గర్భసంచి తొలగింపు తెలుగు రాష్ట్రాల్లో అరుదైన చికిత్స కాదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. మెదక్ జిల్లాలో డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి జరిపిన అధ్యయనం, తెల్లబట్ట, కడుపునొప్పి వంటి మందులతో నయమయ్యే బాధలకు కూడా చిన్న వయసులోనే ఈ ఆపరేషన్లు జరుగుతున్న తీరును వెలుగులోకి తెచ్చింది. అనవసరపు తొలగింపులను నివారించే మార్గదర్శకాలను రాష్ట్రాలు అమలుచేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది. అయితే ఈ చర్చ ఎక్కువగా ఆపరేషన్ అవసరమా కాదా అన్న దగ్గరే ఆగుతుంది. ఆపరేషన్ అయిపోయిన స్త్రీ ఆ తరువాత గడపబోయే ముప్పై, నలభై ఏళ్ల గురించి పలికేవారు తక్కువ.

మూత్రాశయం గర్భసంచికి సరిగ్గా ముందు, దానిని ఆనుకొని ఉంటుంది కనుక గర్భసంచిని తీసేటప్పుడు మూత్రాశయాన్ని దాని నుంచి విడదీసి కిందికి జరపవలసి వస్తుంది. క్యాన్సర్ కోసం చుట్టుపక్కల కణజాలాన్ని కూడా తొలగించే విస్తృత శస్త్రచికిత్సలో మూత్రాశయపు నరాలకు దెబ్బ తగిలే అవకాశం మరింత ఎక్కువ. మూత్రం అదుపు తప్పటంలో తుమ్మినా, దగ్గినా, గంప ఎత్తినా జారటం ఒక రకం. ఉన్నట్టుండి వేగిరపడి, మరుగుదొడ్డికి చేరేలోపే జారిపోవటం మరొక రకం. వీటికి భిన్నంగా రాత్రింబవళ్లు ఆగకుండా కారుతుంటే మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడిందేమోనని అనుమానించి వెంటనే పెద్ద దవాఖానకు వెళ్లాలి. లండన్ వైద్యులు 2002లో ప్రచురించిన పరిశోధనలో ఆపరేషన్ అయిన ఏడాదికి మూత్రాశయపు పనితీరు చెడినట్టు తేలలేదు. 2007లో వెలువడిన స్వీడన్ అధ్యయనం మాత్రం, దగ్గినప్పుడు మూత్రం జారే సమస్యకు తరువాతి కాలంలో శస్త్రచికిత్స అవసరమయ్యే అవకాశం గర్భసంచి తీయించుకున్నవారిలో ఇతరులకంటే రెట్టింపుకు పైగా ఉందని చూపింది. మొదటి ఏడాది బాగా గడిచిందన్నంత మాత్రాన తరువాత గమనిక అక్కరలేదనుకోరాదని దీనివల్ల అర్థమవుతుంది.

మూత్రాశయాన్ని, యోనిని, మలాశయాన్ని కింది నుంచి మోసే కండరాల పొరను కటితలం అంటారు. మూత్రం జారటాన్ని తగ్గించేందుకు అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కీగెల్ 1948లో ప్రచారంలోకి తెచ్చిన వ్యాయామం ఈ కండరాలకు సంబంధించినదే. మూత్రాన్ని ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను కొన్ని సెకన్లు పట్టి ఉంచి, అంతసేపు వదలాలి. ఇలా ఎనిమిది నుంచి పది సార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు చేయాలి. బీడీలు చుడుతూ కూడా చేయగలిగిన ఈ సాధనకు ఖర్చు లేదు. పుండు మానాక వైద్యుల అనుమతితో దీన్ని మొదలుపెట్టాలి. ఆపరేషన్ తరువాత ఆరు వారాల పాటు గంప, బిందె వంటి బరువులకు దూరంగా ఉండటం కూడా అవసరం.

దాంపత్య జీవితం గురించిన భయాలు దీనికంటే లోతైనవి. గర్భసంచి పోతే లోపలంతా ఖాళీ అవుతుందని, భర్తకు పనికిరానని అనుకునే స్త్రీలు ఉన్నారు. గర్భసంచితో పాటు గర్భాశయ ముఖద్వారాన్ని కూడా తీసిన చోట యోని పైకొసను కుట్టివేస్తారు కనుక ఆ కుట్లు మానేవరకు, అంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు, కలయికకు దూరంగా ఉండాలి. ఆ తరువాత కోరికకు, తృప్తికి ప్రధానంగా కావలసిన బయటి అవయవాలు చెక్కుచెదరక ఉంటాయి. అమెరికాలోని మేరీల్యాండ్‌లో స్త్రీలను రెండేళ్లు గమనించి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, రక్తస్రావం, నొప్పి తగ్గిన చాలామందికి లైంగిక జీవితం మెరుగైనట్టు తేలింది. అండాశయాలను కూడా తీసివేసినవారి సంగతి వేరు: ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ హఠాత్తుగా ఆగిపోవటంతో ఒంట్లో ఆవిర్లు, యోని పొడిబారటం, కలయికలో మంట, కోరిక తగ్గటం కలుగుతాయి. మంటకు జారుడు జెల్లులు, వైద్యుల సలహాతో యోనిలో రాసే ఈస్ట్రోజెన్ క్రీము ఉపయోగపడతాయి. ఎముకల బలాన్ని కూడా పరీక్షించుకోవాలి. అందుకే డిశ్చార్జి కాగితంలో అండాశయాలు ఉన్నాయా, తీశారా అన్న వివరాన్ని స్త్రీ అడిగి తెలుసుకొని, ఆ కాగితాన్ని భద్రపరచాలి.

తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న ప్రారంభించిన ఆరోగ్య మహిళ కార్యక్రమం ఎంపికచేసిన కేంద్రాల్లో ప్రతి మంగళవారం స్త్రీలకు పరీక్షలు చేసే ఏర్పాటు. మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, ముట్లుడిగిన తరువాతి సమస్యలు అందులో ఉన్నాయి. అయినా గ్రామంలో ఇంటింటి గమనిక ప్రధానంగా గర్భిణులు, బాలింతలు, టీకాలు, బీపీ, షుగర్ల చుట్టూ తిరుగుతుంది. గర్భసంచి తీయించుకున్న స్త్రీ గర్భిణుల, బాలింతల లెక్కలో ఉండదు, జ్వరం లేదు కనుక రోగుల లెక్కలోనూ ఉండదు. మూత్రం జారటాన్ని, పక్కమీది నొప్పిని ఆమె తనంతట చెప్పుకోదు; సిగ్గు ఒక కారణమైతే, వయసు మీద పడితే ఇంతే అన్న నమ్మకం మరొకటి. కాబట్టి ఆపరేషన్ అయిన ఆరు వారాలకు, ఏడాదికి, ఆ పైన కూడా, మూత్రం జారుతోందా, కలయికలో నొప్పి ఉందా అని ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలే ముందుగా అడగాలి. భర్తను కూడా ఒకసారి కూర్చోబెట్టి వివరించాలి. ఈ సేవకు కొత్త యంత్రం అక్కరలేదు, దవాఖాన రిజిస్టరులో ఈ రెండు ప్రశ్నలకు చోటు కల్పిస్తే చాలు.