శక్కర్ నగరు చూచి వచ్చితిమి

కార్తిక మాసమున ఒకనాటి ఉదయము మేము నలుగురము నిజామాబాదులో బోధను బస్సెక్కితిమి. నిజామాబాదు పూర్వనామము ఇందూరు. ముసలివారు నేటికిని ఇందూరనియే యందురు. మన సోదరీమణులలో ననేకులకు ఈ పట్టణము పసుపు బజారు మూలముననే పరిచితమై యుండును. జాతీయ పసుపు బోర్డు సయితము 2025 జనవరిలో ఇచ్చటనే ప్రారంభమైనది. కాని మేము బయలుదేరినది పసుపు కొఱకు గాదు, పంచదార కథ కొఱకు.

బోధను సుమారు 25 కిలోమీటర్ల దూరమున నున్నది. దారి పొడవునను వడ్లు ఆరబోసి యుండుటచే బస్సు రోడ్డునకు ఒక ప్రక్కగానే నడచినది. చెఱకు సీమకు పోవుచున్నామను తలపుతో కిటికీలనుండి చూచుచుంటిమి గాని, చెఱకు తోట యొక్కటియు కంటబడలేదు. ఎటు చూచినను వరియే.

ఊరు మిక్కిలి ప్రాచీనమైనది. షోడశ మహాజనపదములలో దక్షిణాపథమున నుండిన అశ్మకమునకు రాజధానియైన పోదనము ఇదియేయని చరిత్రకారులు పలువురు చెప్పుదురు. భీమసేనుడు బకాసురుని జంపిన ఏకచక్రపురము కూడ ఇదియేయని స్థానికుల నమ్మకము. ఆ రక్కసునికి దినమునకొక బండెడు అన్నము పోయవలసి వచ్చెనట! తరువాత ఈ యూర వెలసిన యంత్రము దినమునకు వందలకొలది బండ్ల చెఱకు తినెడిది. భేదమేమనగా, ఇది తిన్న దానికి బదులు ఇంటింటికిని కూడు పెట్టినది.

ఆ యంత్రమునకు తల్లి మంజీర నది. అచ్చంపేట గ్రామమువద్ద 1923లో ఆనకట్ట పని యారంభమై 1931లో ముగిసెను. ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు. దీనికై నలువదికి పైగా గ్రామములు ఖాళీ చేయవలసి వచ్చెను. నిజాంసాగరు కాలువలు పాఱగానే మెట్ట భూములు మాగాణములైనవి. గుంటూరు, కృష్ణా ప్రాంతములనుండి రైతులు కుటుంబములతో తరలివచ్చి కాలువల వెంట నిలిచిరి. వారి పల్లెలకు నేటికిని 'క్యాంపు' అను పేరే నిలిచినది. గుడారములో కాపురమారంభించి, కొత్తనేల వంటచెఱకునకును మంచినీటికిని అలవాటుపడిన ఆ యిల్లాండ్ర కష్టము ఏ లెక్కలలోను కానరాదు.

నీరు వచ్చినది, చెఱకు పండినది. ఇక దానిని ఆడువారెవ్వరు? అంతవఱకు మన దేశపు పంచదారలో చాల భాగము జావా దీవినుండి దిగుమతియయ్యెడిది. 1932లో దిగుమతి సుంకముల రక్షణ చట్టము వచ్చిన పిమ్మట ముప్పదికి కొంచెము మించియుండిన దేశపు మిల్లులు నాలుగైదేండ్లలో నూటికి పైబడినవి. ఆ వేడిలోనే 1937-38 ప్రాంతమున బోధనులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసెను. ఒకప్పుడు ఆసియాలోకెల్ల పెద్దదని పేరు పొందెను. దాని చుట్టు పుట్టిన ఊరే శక్కర్ నగరు.

చెఱకు మిల్లు పని మన వంటయింటి పాకమువంటిదే గాని, దానికి కాలము శత్రువు. గడ నఱకిన గంటనుండియే దానిలోని తీపి విఱుగుట కారంభించును. ఒక దినము దాటకుండ ఆడవలెను. అందుచే కార్తికమునుండి వేసవి వఱకు మిల్లు రేయింబవళ్లు తిరుగవలసినదే, మూడు షిఫ్టుల కూలీలు మాఱవలసినదే. నూఱు టన్నుల చెఱకునకు సుమారు పది టన్నుల పంచదార దిగును. ముప్పది టన్నుల వఱకు వచ్చు పిప్పి పొయ్యిలోనికే పోయి, ఆవిరి పుట్టించి, యంత్రమును తానే త్రిప్పును. నాలుగు టన్నుల నల్లని మడ్డి సారాయి బట్టీకి పోవును. మేము బెల్లపు పాకమునకు మురిసెడివారము గాని, ఏదియు వృథా కాని ఈ లెక్క విన్నపుడు గృహిణులమైన మాకు అసూయ కలిగినదనుట నిజము.

ఫ్యాక్టరీ ద్వారము మూసియుండెను. గోడ వెంట నడచి క్వార్టర్లను చేరితిమి. కొన్ని యిండ్ల కప్పులు కూలియున్నవి, కొన్నింట సంసారములున్నవి. ఒక యింటి యరుగుపై నొక అవ్వ చేటలో ఆకులు కత్తిరించుచు కూర్చుండెను. ఆమె పెనిమిటి పాకము కాచు చోట పని చేసెనట. "మా ఇంట్ల గడియారం లేకుండె బిడ్డా, కూత ఇనే పొయ్యి ముట్టిచ్చేదాన్ని" అనెను. ఆ కూత యాగిన తరువాత కొన్ని దినములు వంట వేళ తెలియలేదని నవ్వినది. ఇప్పుడు ఆమెయు కోడలును బీడీలు చుట్టుదురు. ఈ జిల్లాలో వేలకొలది స్త్రీలకు అదియే జీవనము. తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టి, వేయింటి లెక్కన కూలి పుచ్చుకొందురు.

1948 పిమ్మట ఫ్యాక్టరీ ప్రభుత్వపుదై, ముత్యంపేటలోను, మెదకు వద్ద మంబోజిపల్లెలోను శాఖలుగల పెద్ద సంస్థ యైనది. 2002లో నూటికి 51 వంతుల వాటా ప్రైవేటు వారి కీయబడెను. 2015 డిసెంబరులో మూడు మిల్లులును మూతబడినవి. తిరిగి తెఱచెదమను మాటలు తరువాతను వినబడుచునే యున్నవి.

కారణములు పెక్కు చెప్పుదురు. యంత్రములు ముసలివైనవనుట నిజమే కావచ్చును. నిజాంసాగరులో ఒండ్రు పేరుకొని, నిలువ యుండు నీరు మొదటికంటె మిక్కిలి తగ్గినది. ఎగువ సింగూరు జలాశయము కట్టి మంజీర నీటిని హైదరాబాదు దాహమునకు మళ్లించిరి. ఏడాది పొడవున నీరు కోరు చెఱకు ఎట్లు నిలుచును? అయినను, మా మట్టుకు మాకు తోచినది వేఱు. వరి యైదు మాసములలో చేతికి వచ్చును, ఊరిలోనే కొనువారుందురు. చెఱకు రైతునకు మిల్లు తప్ప దిక్కు లేదు; ఆ మిల్లు సందేహాస్పదమైన నాడు పిలక పంటకు సయితము ఎవడు నీరు పెట్టును? ఇప్పుడును కొందఱు చెఱకు వేసి కామారెడ్డి జిల్లా మిల్లులకు తోలుచున్నారట గాని, ఆ కిరాయి ఖర్చు వారికే తెలియును.

సెలవు తీసికొనునపుడు, తులసి పెండ్లికి చెఱకు గడలెట్లని అవ్వ నడిగితిమి. పూర్వము బండి వెంట పరుగెత్తి పిల్లలే లాగుకొని వచ్చెడివారని, తోలువాడు చూచియు చూడనట్లుండెడివాడని చెప్పెను. ఇప్పుడు బజారులో కొనవలసినదేనట.

బస్సుస్టాండువద్ద గడలు నిలబెట్టి యొకడు అమ్ముచుండగా మేమును రెండు కొంటిమి. ఏ యూరి చెఱకని యడిగితిమి. ఇక్కడిది కాదమ్మా, దూరమునుండి లారీలో వచ్చినదని చెప్పి, ఆకులు కోసి చేతికిచ్చెను.