దప్పిక ఉన్నంతవరకు

మనసు కృంగినప్పుడు దేవుని కోసం అల్లాడిపోయేవాళ్లను చూసి, విశ్వాసం సన్నగిల్లిందని అనుకుంటారు చాలామంది. "ప్రార్థన చేసుకునేదానివి, నీకెందుకమ్మా దిగులు?" అంటారు. కువైట్‌లో నర్సుగా పనిచేస్తున్న నేనూ ఆ మాట పడ్డాను. అలా అడిగేవాళ్లను బైబిల్లోని 42వ కీర్తన ఒకసారి నిదానంగా చదవమని వేడుకుంటాను.

కోరహు కుమారుల పేరున ఉన్న ఆ కీర్తన ఇంటికి దూరమైన మనిషి మొర. యెరూషలేము మందిరం ఎక్కడో ఉంది. తానేమో ఉత్తరాన, యొర్దాను ప్రదేశంలో, హెర్మోను కొండల దగ్గర ఉన్నాడు. హెర్మోను మీది మంచు కరిగి ఊటలై, ఏరులై పరుగెత్తే చోటది. చెవుల నిండా నీళ్ల హోరు. అయినా దప్పిగొన్న దుప్పిలా దేవుని కోసం అలమటిస్తాడు. పరదేశంలో బతుకుతున్నవాళ్లకు ఈ దప్పిక సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. జీతం వస్తుంది, ఇంటికి డబ్బు వెళ్తుంది, ఊళ్లో శ్లాబు పడుతుంది. లోపల మాత్రం ఏదో ఎండిపోతూనే ఉంటుంది.

ఆ కీర్తనకారుడికి గుర్తొచ్చేది, పండుగనాడు పాటలు పాడుకుంటూ తనతో మందిరానికి నడిచిన జనం. వాళ్లను తలచుకునే ఏడుస్తాడు. ఆ ఏడుపు నాకు తెలుసు. ఇక్కడ శుక్రవారం సెలవు, ఆరాధన కూడా ఆ రోజే. కువైట్ సిటీలోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు వంతులవారీగా కూడుకుంటాయి. అరబ్బీ, మలయాళం, తమిళం, మధ్యలో మన తెలుగు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి వచ్చిన అక్కలు సెలవు దొరికిన వారం పరుగున వస్తారు. పురుషోత్తమ చౌదరి గారు రాసిన తెలుగు కీర్తన ఎత్తుకుంటే వాళ్లలో ఎవరికీ పుస్తకం అక్కర్లేదు. వారమంతా తెలుగు పలకని గొంతులు ఒక్కసారిగా తెరుచుకుంటాయి.

2020 మార్చిలో చర్చిలు మూతపడ్డాయి, విమానాలు ఆగిపోయాయి. నా డ్యూటీ కొవిడ్ వార్డులో. ఆ వేసవిలోనే మా అమ్మ ప్రభువునందు నిద్రించింది. భూస్థాపన ఫోనులో చూశాను. పట్టుకున్న తమ్ముడి చెయ్యి వణికి, ఒకసారి పెట్టె కనిపించేది, ఒకసారి ఉత్త ఆకాశం. ఆ తర్వాత చాన్నాళ్లు మోకరిస్తే మాట వచ్చేది కాదు. "ప్రభువా" అనేదాన్ని, అక్కడే ఆగిపోయేదాన్ని.

అప్పుడు నన్ను నిలబెట్టింది ఆ 42వ కీర్తనే. దాన్నీ 43వ కీర్తననూ ఒకే పాటగా చదివేవాళ్లు ఎందరో ఉన్నారు, రెంటిలోనూ పల్లవి ఒకటే గనక. ఎందుకు కృంగిపోతున్నావని కీర్తనకారుడు తన ప్రాణాన్ని మూడుసార్లు అడుగుతాడు. మూడోసారికైనా పరిస్థితి మారదు. నీ దేవుడేడీ అని ఎగతాళి చేసినవాళ్ల నోరు మూతపడిందని ఎక్కడా ఉండదు. ఇంటికి చేరాడనీ ఉండదు. అయినా దేవుని మీద ఆశ పెట్టుకోమని తన ప్రాణానికి తానే చెప్పుకుంటాడు. నన్నెందుకు మరచిపోయావని దేవుణ్ణే నిలదీస్తాడు. లేడనుకున్నవాణ్ణి ఎవరూ నిలదీయరు. ఆ నిలదీయడంలోనే అతని నమ్మకమంతా ఉంది.

అందుకే, ప్రార్థన రావడం లేదని నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకునే అక్కలకు నేను ధైర్యం చెబుతాను. ఆయన కావాలని మనసు కొట్టుకుంటోందంటే మీ ప్రార్థన మొదలైపోయినట్టే. సెలవిస్తే శుక్రవారం రండి, నలుగురిలో కూర్చోండి. మీకు పాట రాకపోతే పక్కనున్నవాళ్లు పాడతారు. సెలవు ఇవ్వకపోతే అంట్లు తోముకుంటూనే ఆయన్ను పిలవండి. అలిగి పిలిచినా సరే, ఒక్క మాటే వచ్చినా సరే. అది ఆయన వింటాడు. ఇది నేను బతికి తెలుసుకున్న సంగతి.