గోడవతల సముద్రం

మిర్చి తొడిమెలు తీసుడు షురూ చేసిన్రా? ఆ గంప ఇట్ల గోడమీద పెట్టండి, నేను కూడ ఓ చెయ్యి వేస్త. ముచ్చటొకటి ఉన్నది. మీరు పూర్తిగ వినందే లేవనియ్య.

మా పక్కింటి పిలగాడు ముందటి అర్రల సముద్రం పెట్టిండు. నవ్వకండి, నిజంగనే. మన నెక్కొండ టేషన్ల రైలెక్కి విజయవాడల దిగినా సముద్రం కనపడదాయె. అసుంటిది మూడడుగుల అద్దాల తొట్టి, ఉప్పునీళ్లు, పైన నీలం లైటు. లోపల రాయిమీద అంగీ గుండీలంత పువ్వులు. నడుమ ఆకుపచ్చ, అంచులకు నారింజ రంగు. ప్లాస్టిక్ పువ్వులేమో అనుకున్న. వాడు పిచికారితోని ఇంత నీళ్లు కొట్టిండు, ఒకటెనుక ఒకటి అన్నీ ముడుచుకున్నయి. “పువ్వులు కాదు పెద్దమ్మా, జీవాలు. మెత్తటి పగడాలంటరు” అన్నడు.

పగడమంటే మీకు ఉంగరంల ఎర్రరాయే యాదికొస్తది, నాకు తెలుసు. నా నల్లపూసల నడుమ మా అమ్మ గుచ్చిన రెండు పగడాలున్నయి, చూసిన్రు కద. అవి కూడ ఒకప్పుడు జీవాల ఒంట్ల ఉన్నయే. ఆ ఎర్ర పగడం మధ్యధరా సముద్రంల పెరుగుతది, ఒక్కొక్క మొగ్గకు ఎనిమిది చేతులు. పిలగాని తొట్టిల పుట్టగొడుగు లెక్క నిలబడ్డ తోలు పగడానికి కూడ ఎనిమిదే. అంటే నా మెడల ఉన్నదీ వాని తొట్టిల ఉన్నదీ వరుసకు చుట్టాలే! మన ఓరుగల్లోళ్లకు పగడం కొత్తది కూడ కాదు. ఓరుగల్లు రాజు గణపతిదేవుడు 1244ల మోటుపల్లి రేవుల వేయించిన అభయశాసనంల సుంకం కట్టే సరుకులు రాసి ఉన్నయి. కర్పూరం, పన్నీరు, మిరియాలు, వాటితోటే పగడాలు. గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు గుంజుకోము, సుంకం ఒక్కటే తీసుకుంటం అని మాటిచ్చిండు. ఎంత పెద్ద మనసు!

ఆఁ, తొట్టికాడికి వద్దం. వాడు హైదరాబాదుల దోస్తు తొట్టిలకెళ్లి పగడం ముక్క కోయించుకొని, నీళ్ల సంచిల తెచ్చిండు. మనం మల్లెకొమ్మ ఇచ్చిపుచ్చుకుంటం చూడండి, అట్లనే. రైల్ల ఆ సంచి ఒళ్లె పెట్టుకొని, ఎండ తగలకుంట తువ్వాల కప్పి, కన్ను మూయకుంట వచ్చిండట. వచ్చినంక కూడ ఒక్కపారి తొట్టిల వెయ్యలే. సెలైన్ పైపు కట్టి, సుక్క సుక్క తొట్టినీళ్లు ఆ సంచిలకు దింపిండు. కొత్తకోడలును ఇంట్లకు అలవాటు చేసినట్టు! సముద్రంలకెళ్లి పీకిన పగడం మాత్రం వద్దంటడు. రాతి పగడాలు, సముద్రపు విసనకర్రలు 2001 నుంచి వన్యప్రాణి చట్టంల పులితోని సమానం. విశాఖపట్నంల ఆటు పోయినప్పుడు ఒడ్డు రాళ్లమీద గుండీ పగడాలు చాపలెక్క పరుచుకొని ఉంటయట. ఎప్పుడన్న పోతే చూడండి గని, చెయ్యి పెట్టకండి.

నీళ్లకే వాని పానమంతా. బోరునీళ్లు పనికిరావు, ఆర్వో నీళ్లల్ల సముద్రపు ఉప్పు కలుపుతడు, లీటరుకు 35 గ్రాముల లెక్క. అది మన కూరల ఉప్పు కాదు. కాల్షియం, మెగ్నీషియం అన్నీ ఉంటయి. ఉప్పు కొలిచే గొట్టంల 1.025 చూపియ్యాలె. పులుసు మరుగుతుంటే నీళ్లు పోయి ఉప్పెక్కుతది కద, ఎండకాలం తొట్టిల అదే కథ. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు తొట్టిలనే ఉంటది. అందుకని తగ్గినన్ని ఉత్త నీళ్లే పొయ్యాలె, ఉప్పునీళ్లు కాదు. ఒకనాడు వాళ్ల నాయనమ్మ పాపం మనుమని పని తేలిక చేద్దామని చెంబుతోని పొయ్యబోయింది. రాగి చెంబు! వాడు కంచం ముందలకెళ్లి ఎంగిలి చేత్తోనే ఉరికొచ్చిండు. రాగి మనకు మంచిదే, పగడాలకు మాత్రం విషం. చేపల మందుల్ల రాగి ఉన్నా అంతే సంగతి. అప్పటిసంది ఆమె కోసమని తొట్టిపక్కన పచ్చ ప్లాస్టిక్ మగ్గు పెట్టిండు. పొద్దుగాల ఆమెనే పోస్తది.

మన మే నెల ఎండ మీకు చెప్పాల్నా. ఆ జీవాలకు 25, 26 డిగ్రీలు చాలు. వాటి కండల లోపల కంటికి కనపడనంత సన్న నాచు కాపురముంటది. అది వెలుతురుతోని వండి పెడితే ఇది తింటది. వేడి మీరితే ఆ నాచును బయటికి తోస్తది, ఒళ్లు తెల్లబడ్తది. వండిపెట్టేటోళ్లు పోతే ఎన్నిరోజులు బతుకుతది? అందుకే నీళ్లమీదికి రెండు చిన్న ఫ్యాన్లు పెట్టిండు, కరెంటు పోతే గాలిబుడగలకు బ్యాటరీ మిషన్ వేరే.

మొన్న తోలు పగడం అలిగింది. చేతులన్నీ లోపలికి గుంజుకొని, మైనం పూసినట్టు అయింది. ఒకరోజు కాదు, ఆరురోజులు. వాళ్లమ్మ “చచ్చింది, పారేయి, వాసనొస్తది” అన్నది. నాకూ అట్లనే అనిపించింది. పిలగాడు మాత్రం ముట్టలే. నీళ్లు తోసే పంపును ఇంత వాలుగ తిప్పి ఊకున్నడు. ఏడోరోజు పొద్దుగాల నన్ను గోడకాడికి పిలిచిండు. పాము కుబుసం లెక్క సన్న పొర లేచి నీళ్లల్ల ఊగుతున్నది. దానికింద ఒళ్లు మెరుస్తున్నది. మధ్యాహ్నంకల్ల చేతులన్నీ విప్పింది! ఒంటిమీద చేరిన నాచును, మురికిని అట్ల విడుస్తదట. ఆ ఆరురోజులల్ల మందు పోసినా, రాయి జరిపినా పాడయ్యేదే. నీళ్లు కూడ మరీ శుభ్రం చేస్తే వాటికి తిండి ఉండదు, కొద్దిగ నైట్రేటు ఉండాలంటడు. ఇగ తోలు పగడం, పక్కది దగ్గరికొస్తే నీళ్లల్ల ఘాటు విడుస్తది. అందుకే నడుమ జానెడు జాగ, మూలకు బొగ్గుసంచి పెట్టిండు.

ఒక్కటి మాత్రం చెవిల వేసుకోండి. ఆ గుండీ పగడాలల్ల కొన్నింటికి పాలిటాక్సిన్ అనే విషముంటది. 1971ల హవాయి శాస్త్రవేత్తలు వేరు చేసిన్రు, పానం తీసేటంత గట్టిది. కడుగుదమని ఆ రాళ్లను వేడినీళ్లల్ల మరగబెట్టి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాది దవాఖానల పడ్డోళ్లున్నరు పరాయి దేశాలల్ల. వీడు కోసేటప్పుడు చేతులకు తొడుగులు, కండ్లకు అద్దాలు. చేతికి గాయముంటే ఆనాడు తొట్టి మొఖమే చూడడు.

లైటు ఏడింటికి ఆరుతది, ఆరంగనే అన్నీ ముడుచుకుంటయి. ఇంకా గంటన్నర ఉన్నది. గంప అట్లనే ఉండనియ్యండి, పోయి చూసొద్దం. మీ చేతులకు కారం ఉన్నది, మంచిగ కడుక్కోండి. కడుక్కున్నా సరే, తొట్టిల వేలు మాత్రం పెట్టకండి. మీ సంగతి నాకు తెల్వదా.