బెంగళూరా? అనంతపురమా?

చిలమత్తూరు నుంచి కొడికొండ చెక్‌పోస్టుకు వస్తే 44వ నంబరు జాతీయ రహదారి తగులుతుంది. ఒకవైపు తిరిగితే బెంగళూరు, ఇంకోవైపు అనంతపురం. రెండూ రమారమి వంద కిలోమీటర్లే. ఇంటర్ పాసైన పిల్లలున్న ప్రతి ఇంట్లో ఏటా జరిగే పంచాయితీ ఇదే, ఎటు పంపాల? డబ్బున్నవాళ్ళు, అప్పు పుట్టేవాళ్ళు బెంగళూరు వైపు చూస్తారు. మిగిలినవాళ్ళు అనంతపురం పోతారు. ‘మిగిలినవాళ్ళు’ అని కావాలనే రాశాను. సర్కారు యూనివర్సిటీని మా దగ్గర చాలామంది ఇప్పటికీ అలాగే చూస్తారు. ఆ మిగిలినవాళ్ళలో నేనొకణ్ణి. అనంతపురం జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీలో చదివాను, ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను.

రెండేళ్ళ కిందట మా చిన్నాయన కూతురికి ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. చిన్నాయన ఫోన్ చేసి, “రోడ్డు పక్క ఎకరంన్నర అమ్మేస్తాన్రా. ఇప్పుడు రేటు బాగుంది. పాపను బెంగళూరులో ప్రైవేటు కాలేజీలో చేరుస్తా” అన్నాడు. ఆయనకున్నది మూడెకరాలు. నీళ్ళు పడిన బోరు ఆ ఎకరంన్నరలోనే ఉంది. అది పోతే మిగిలేది వాన కోసం మొగం ఎత్తి చూసే శెనక్కాయ చేను. “అమ్మే ముందు నేనొక మాట చెప్తా, విను చిన్నాయనా” అన్నాను. ఆ రోజు ఆయనకు చెప్పిందే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నా.

ఈ కాలేజీ ఊరికే వచ్చింది కాదు. 1937లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కోస్తా, సీమ నాయకులు కూర్చుని శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాల్తేరుతో పాటు అనంతపురంలో కూడా ఒక కేంద్రం ఉండాలన్నది అందులో ఒక షరతు. ఆ మాట అలాగే ఉండిపోయింది. 1946లో మద్రాసు ప్రభుత్వం మొదలుపెట్టిన ఇంజినీరింగ్ కాలేజీ మొదట గిండీలో నడిచి, 1948లో అనంతపురానికి వచ్చింది. 1972లో అది జేఎన్‌టీయూలో భాగమైంది, 2008లో జేఎన్‌టీయూ అనంతపురం సొంత విశ్వవిద్యాలయంగా నిలబడింది. పక్కనే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కథ కూడా ఇలాంటిదే. 1968లో తిరుపతి వాళ్ళ పీజీ సెంటరుగా మొదలై, 1981లో విశ్వవిద్యాలయమైంది. శ్రీబాగ్‌లో రాసుకున్న మాటకు, అనంతపురానికి సొంత విశ్వవిద్యాలయం రావడానికి మధ్య 44 ఏళ్ళు!

ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి వాన అనుకునే జిల్లా మాది. ఇలాంటి చోట సీటు ఎవరికి దొరుకుతుందన్నది పెద్ద ప్రశ్న. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు ఎస్వీయూ పరిధిలోని లోకల్ పిల్లలకే. అంటే ఉమ్మడి అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాల వాళ్ళకు. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక ఇంజినీరింగ్ అన్న మాట కూలిపని చేసే ఇళ్ళకు కూడా చేరింది.

నా క్లాసులో శెనక్కాయ రైతుల పిల్లలు, ధర్మవరం మగ్గాల ఇళ్ళ పిల్లలు, ఆర్టీసీ కండక్టర్ల పిల్లలు ఉండేవాళ్ళు. చాలామంది ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చింది వాళ్ళే మొదలు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మొదటి సెమిస్టరు ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే కళ్ళు తిరిగేవి. రాత్రి హాస్టల్లో ఒకడికి అర్థమైంది ఇంకో పదిమందికి మన మాటల్లో చెప్పేవాడు. సీ లాంగ్వేజీలో పాయింటర్ ఎవరికీ ఎక్కకపోతే ధర్మవరం స్నేహితుడు, “పాయింటర్ ఇల్లు కాదప్పా, ఇంటి నంబరు రాసిన చీటీ” అన్నాడు. ఈ రోజు ఆఫీసులో కొత్త పిల్లలకు నేను అదే మాట చెప్తాను. మా జేజి పంపిన నిప్పట్ల డబ్బా మూత తీస్తే పది నిమిషాల్లో ఖాళీ. ఇంటికి ఫోన్ చేస్తే అందరిదీ ఒకటే మొదటి ప్రశ్న: “వాన పడిందా?” వాన పడకపోతే మెస్ బిల్లు ఎట్లా అన్న బెంగ ఆ ప్రశ్న వెనకే ఉండేది.

ఇది మా ఒక్కరి కథే అనుకునేవాణ్ణి. మా ప్రాజెక్టులో అమెరికా వైపు పనిచేసే ఒకాయన టెక్సాస్ దక్షిణపు అంచున, మెక్సికో సరిహద్దు దగ్గర చదివాడు. యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ రియో గ్రాండ్ వ్యాలీ అని, రెండు పాత సంస్థలను కలిపి 2015లో తెరిచిన ప్రభుత్వ విశ్వవిద్యాలయం. అక్కడ పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది హిస్పానిక్ పిల్లలే. ఇంట్లో స్పానిష్, క్లాసులో ఇంగ్లీషు. “మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే ఫస్ట్” అన్నాడాయన. ఇలా డిగ్రీ విద్యార్థుల్లో కనీసం 25 శాతం హిస్పానిక్ పిల్లలుండే సంస్థలను అమెరికా చట్టం ప్రత్యేకంగా గుర్తించి నిధులిస్తూ వచ్చింది. మన దగ్గర ఫీజు సాయం పిల్లవాడి పేరున వస్తుంది. వాళ్ళకు చదువు చెప్పే సంస్థను బలపరిచే లెక్క కూడా వేరుగా ఉంటే బాగుండునని ఆయన మాట విన్నాక అనిపించింది.

చిన్నాయన దగ్గర ఊరికే పొగడలేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండటం అందరికీ తెలిసిందే. ఉద్యోగాలిచ్చే కంపెనీలు కూడా బెంగళూరు కాలేజీలకు పోయినన్ని అనంతపురానికి రావు. ఇక్కడ చదివితే సొంతంగా నేర్చుకునేది ఎక్కువ ఉంటుందని చెప్పాను. ఇంకో నిజం కూడా ఉంది. ఈ యూనివర్సిటీ మమ్మల్ని బయటికి పంపగలిగింది గానీ, తిరిగి రావడానికి పని చూపించడం దాని చేతుల్లో లేదు. నా క్లాసు వాళ్ళు సగానికి పైగా బెంగళూరు, హైదరాబాదుల్లోనే ఉన్నాం.

పాప అంతా విని ఒక్కటే అడిగింది: “అన్నా, నాది తెలుగు మీడియం కదా, ఆడ నిలబడతానా?” “ఆడుండే వాళ్ళంతా నీ మాదిరోళ్ళే పాపా” అన్నాను. వారం తర్వాత తండ్రీ కూతుళ్ళు బస్సెక్కి పోయి క్యాంపస్ చూసి వచ్చారు. “అన్న మాదిరి కంప్యూటర్సు తీసుకోరాదా?” అని చిన్నాయన పోరినా వినకుండా సివిల్ పెట్టుకుంది. నీళ్ళ గురించి చదవాలట. ఇప్పుడు రెండో సంవత్సరం. బోరున్న ఎకరంన్నర ఇంకా చిన్నాయనదే, పోయినేడు అందులో టమోటా పెట్టినాడు.

మీ ఇంట్లోనూ ఈ పంచాయితీ నడుస్తుంటే నేను చెప్పేదొకటే. కౌన్సెలింగులో ఆప్షన్లు పెట్టకముందు, భూమి బేరం పెట్టకముందు, ఒక్కసారి ఆ క్యాంపస్‌కు పోయి అక్కడి పిల్లలతో మాట్లాడి రండి. బస్సు చార్జీలకు మించి ఖర్చు కాదు.