పారిస్‌లో పనివారి భోజనశాల

పారిస్ అనగానే మనకు ఈఫిల్ టవర్, అత్తరు సీసాలు, ఖరీదైన దుస్తులు గుర్తుకు వస్తాయి. ఫ్రెంచి భోజనం అంటే మరీ బెదురు. ఏ చేత్తో ఏ చెంచా పట్టుకోవాలో, బిల్లు ఎంత వేస్తారో అని! అయితే అదే నగరంలో కష్టజీవుల ఆకలి తీర్చడానికి పుట్టిన భోజనశాలలు ఉన్నాయని మనలో చాలామందికి తెలియదు. వాటిని 'బుయ్యోన్' అంటారు. ఆ మాటకు అర్థం మాంసాన్ని ఉడికించి తీసిన చారు.

మనం రోజూ వాడే 'రెస్టారెంటు' అనే మాట కూడా ఇటువంటి చారు నుండే వచ్చింది. 18వ శతాబ్దంలో పారిస్ ప్రజలు నీరసించినవారికి తిరిగి సత్తువనిచ్చే చారును ఆ పేరుతో పిలిచేవారు. తరువాత ఆ చారు అమ్మే చోటుకే ఆ పేరు స్థిరపడింది.

1850లలో డ్యువాల్ అనే మాంసం వర్తకుడు పారిస్‌లో ఒక కొత్త పని ప్రారంభించాడు. నగరం నడిబొడ్డున లే హాల్ అనే పెద్ద సంత ఉండేది. అక్కడ తెల్లవారకముందే మూటలు మోసేవారికి, బండ్లు తోలేవారికి వేడి చారు, ఉడికిన మాంసం చౌకగా పెట్టసాగాడు. ధరకు తగ్గట్టు ఏదో ఒకటి పెట్టి పంపలేదు. శుభ్రమైన బల్ల వేశాడు, పరిశుభ్రమైన దుస్తుల్లో ఉన్న స్త్రీల చేత వడ్డింపజేశాడు. కాలక్రమంలో మధ్యతరగతి కుటుంబాలు కూడా ఆ బల్లల దగ్గరకు వచ్చి కూర్చోసాగాయి. అతని తరువాత ఇటువంటి శాలలు నగరమంతటా వెలిశాయి.

వాటిలో పేరెన్నికగన్నది 'బుయ్యోన్ షార్తియే'. షార్తియే అనే ఇద్దరు అన్నదమ్ములు 1896లో దీనిని తెరిచారు. ఫోబూర్ మోమార్త్ర్ వీధిలో 7వ నంబరు ఇల్లు. గ్రాన్ బూల్వార్ మెట్రో స్టేషనులో దిగితే కొద్ది నిమిషాల నడక. వీధిలోనుండి చూస్తే లోపల ఇంత పెద్ద శాల ఉందని తెలియదు. సన్నని దారిగుండా లోపలికి వెళ్తే గుండ్రంగా తిరిగే తలుపు, దాని వెనుక ఎత్తైన గాజు కప్పు, గోడల నిండా అద్దాలు, టోపీలూ కోట్లూ పెట్టుకోవడానికి రైలు పెట్టెలోని సామాను అరల వంటి ఇత్తడి అరలు. 1989లో ఫ్రెంచి ప్రభుత్వం ఈ శాలను చారిత్రక కట్టడంగా గుర్తించింది.

ఇక్కడ సాధారణంగా బల్ల ముందుగా కేటాయించరు. ఎవరైనా వచ్చి వరుసలో నిలబడవలసిందే. నేడు ఆ వరుసలో యాత్రికులే ఎక్కువ కనిపిస్తారు. మన వంతు రాగానే ఖాళీ ఉన్నచోట కూర్చోబెడతారు. నలుగురి బల్లకు ఇద్దరే వెళ్తే, మిగిలిన రెండు కుర్చీలు ముక్కూమొహం తెలియనివారికి ఇస్తారు. వాళ్ళు కూర్చుంటూ నమస్కారంగా ఒక మాట అంటారు. మన పళ్ళెం రాగానే 'బొనాపెతీ' అంటారు. హాయిగా తినండి అని దాని భావం. మనమూ అదే మాట తిరిగి చెప్పాలి. అంతటితో అపరిచయం సగం తీరిపోతుంది.

భోజనం వరుసక్రమంలో వస్తుంది: ముందుగా చిన్న వంటకం, తరువాత అసలు వంటకం, చివర తీపి. మొదటిదానిలో ఉడికించిన కోడిగుడ్డు మీద చిక్కని మయోనైజ్ వేసి ఇచ్చేది అన్నిటికంటే సామాన్యం. 'లీక్' అనే ఉల్లిజాతి కాడలను ఉడికించి పుల్లని రసంతో ఇస్తారు. ఫ్రెంచివారు వాటిని బీదవాని ఆస్పరాగస్ అని ముద్దుగా పిలుస్తారు. వెన్నలో, వెల్లుల్లిలో వేడిచేసిన నత్తలు కూడా ఉంటాయి. నత్తగుల్లల కూర ఎరిగిన మన గోదావరి, కృష్ణా ప్రాంతాలవారికి అది వింత కాదు. అసలు వంటకాలలో 'బెఫ్ బుర్గిన్యోన్' ప్రసిద్ధం. గట్టిగా ఉండే పశుమాంసపు ముక్కలను ఎర్ర ద్రాక్షసారాలో, ఉల్లిపాయలతో, క్యారెట్లతో గంటలకొద్దీ సన్నని సెగ మీద ఉడికిస్తారు. చౌకైన మాంసాన్ని ఓపికతో మెత్తగా చేసే పల్లెటూరి వంట అది. మన ఇళ్ళలో తలకాయ కూర వండే తల్లులకు ఆ ఓపిక కొత్తగా నేర్పనక్కరలేదు.

ద్రాక్షసారా తీసుకోనివారు ఇబ్బంది పడనవసరం లేదు. 'కరాఫ్ దో' అంటే చాలు, మంచినీళ్ళ కూజా తెచ్చి పెడతారు. భోజనం చేసేవారికి నీళ్ళకు, రొట్టెకు వేరే డబ్బు అడగరు. రొట్టె ముక్కను పళ్ళెంలో కాక బల్ల మీదనే పెట్టుకోవడం వారి వాడుక. వడ్డించినవారి రుసుము ధరలోనే కలిపి ఉండాలని అక్కడి నియమం. కనుక పైన ఏమైనా ఇస్తే అది మన ఇష్టం. నల్ల కోటు, పొడవాటి తెల్ల గుడ్డ కట్టుకున్న వడ్డనవారు మనం కోరినవాటిని బల్లపై పరచిన కాగితం మీదనే రాసి, చివరకు అక్కడే కూడిక చేసి చూపిస్తారు. చూసి ఎంచుకుంటే మూడు వడ్డనలు సుమారు 20 యూరోలలో ముగుస్తాయి. మన రూపాయల్లో అది చిన్న మొత్తం కాదు గాని, పారిస్‌లో చౌక కిందే లెక్క.

ఈ శాలలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి గోడకు అమర్చిన చిన్న చెక్క సొరుగులు. ఒక్కొక్కదానికీ ఒక అంకె. రోజూ వచ్చే పనివారు తాము తుడుచుకునే గుడ్డను అందులో దాచుకునేవారట. చేతిలో డబ్బు తక్కువ, ఇల్లు ఇరుకు. అయినా నగరంలో అంత గొప్ప శాలలో తనకంటూ ఒక సొరుగు! రేపు కూడా రా, నీ చోటు నీకుంటుంది అని ఆ సొరుగు అతనికి చెప్పినట్లే కదా?

ఈ మాట మనకు ఊరికే చెప్పడం లేదు. మన తెలుగు పల్లెల్లో టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఎంతకాలం సాగిందో మన పెద్దలకు తెలుసు. కొందరికి బల్ల మీద గాజు గ్లాసు, మరికొందరికి చూరులో దోపిన వేరే గ్లాసు. తాగినవాడే దాన్ని కడిగి పెట్టాలి. డబ్బు మాత్రం ఇద్దరూ ఒక్కటే ఇచ్చేవారు. 1955లో చట్టం దాన్ని నేరమన్నా, ఆచారం ఒక్క రోజులో చావలేదు. అందుకే కూలివాని గుడ్డకు అంకె వేసి భద్రపరిచిన ఆ సొరుగు మనకు చిన్న విషయంగా కనబడదు. పారిస్‌లోనూ ధనికుల భోజనశాలలు వేరుగానే ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. అయినా పేదవాని బల్లను కూడా శుభ్రంగా, మర్యాదగా వేయవచ్చని ఈ శాల చూపింది.

ఫ్రెంచివారి భోజన సంప్రదాయాన్ని 2010లో యునెస్కో మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చింది. అందులో వంటకాల రుచికంటె అందరూ కలిసి బల్ల దగ్గర కూర్చోవడానికే ఎక్కువ విలువ ఉంది. అందరి పళ్ళేలూ వచ్చేదాకా మొదటి ముద్ద ఎవరూ ముట్టరు. దీనికి పారిస్ వెళ్ళనక్కరలేదు. మన ఇంట్లో వండిన అమ్మ అందరూ లేచాక అడుగూ బొడుగూ తింటూ ఉంటే, ఈ రాత్రి ఆమె పళ్ళెం కూడా మనతోపాటే పెట్టించి, ఆమె కూర్చున్నాకనే తినడం మొదలుపెడదాం.